నలభై మూడు శాతం హైమవతి

తెర మీద హైమవతి నవ్వుతోంది. బీకరును కళ్లకెదురుగా ఎత్తి పట్టుకుని, గాఢ సల్ఫ్యూరిక్ ఏసిడ్‌ను పల్చన చేయడం ఎలాగో పదో తరగతి పిల్లలకు చెబుతోంది.

“ఏసిడ్ తీసుకున్నాం. ఇప్పుడు ఇందులోకి నీళ్లు గబగబా పోసేద్దామా?” అని కన్ను గీటింది. రెప్పపాటులో బీకరు మారిపోయింది. “చూశారా, పల్చబడిపోయింది!”

తరగతి వెనక గోడవారగా కుర్చీలో కూర్చున్న హైమవతి ఒక్క ఉదుటున లేచి నిలబడింది.

ఇద్దరూ ఒకరే. కుర్చీలోని హైమవతికి నలభై నాలుగేళ్లు. తెర మీది హైమవతికి ఎప్పటికీ ముప్పై రెండే. పన్నెండేళ్ల కిందట, బొబ్బిలి దగ్గరి ఈ బడిలోనే ఆమె చెప్పిన కెమిస్ట్రీ పాఠాలు ఫోన్లలో ఊరూరా తిరిగాయి. లక్షలమంది లైకులు కొట్టారు. ‘పాఠవాహిని’ అనే సంస్థ ఆమె చేత సంతకం పెట్టించుకుని, ఆ మొహాన్నీ ఆ గొంతునూ తీసుకుని ఒక బొమ్మను తయారుచేసింది. ఇప్పుడు నాలుగు వేల బడుల్లో కెమిస్ట్రీ చెప్పేది ఆ బొమ్మే. అసలు హైమవతి పని పిల్లల పలకలకు చార్జింగు ఉందో లేదో చూడటం, పాఠం అయ్యేదాకా మాట్లాడకుండా కూర్చోవడం.

పాఠవాహిని పనిచేసే తీరు చాలా సులువు. తరగతి ముందు గోడకు పెద్ద తెర, ప్రతి పిల్ల ముందూ పలకలాంటి ఒక చిన్న తెర, దానికో కెమెరా ఉంటాయి. చూపు ఎక్కడ నిలిచిందో, ఎక్కడ జారిందో కెమెరా కనిపెడుతుంది. యంత్రం పాఠాన్ని పది సెకన్ల ముక్కలుగా కోస్తుంది. చూపు నిలిచిన ముక్కలు, లైకులు పడిన ముక్కలు ఉంటాయి. ఆవులింతలు వచ్చినవి పోతాయి. పిల్లలు తమలో తాము పంచుకునే వీడియోల్లో బాగా ఆడినవి వచ్చి చేరతాయి. అన్నిటినీ అతుకు కనబడకుండా కలిపి, వారానికోసారి కొత్త పాఠం తయారుచేస్తుంది.

“నీళ్లు గబగబా పోసేద్దామా?” అన్న తర్వాత హైమవతి ఆనాడు నిమిషంన్నర మాట్లాడింది. ‘వద్దు. ఏసిడ్‌లో నీళ్లు పోస్తే సలసలా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. నీళ్లలోకే ఏసిడ్‌ను కొద్దికొద్దిగా వదలాలి’ అని రెండుసార్లు చెప్పింది. ఆ నిమిషంన్నరా ఈ వారం పాఠంలో లేదు.

“వినండర్రా! అలా చేయకూడదు!” అని హైమవతి కేకపెట్టింది.

నలభై తలల్లో ఒక్కటీ తిరగలేదు.

“వాళ్లకు వినబడదు మేడమ్,” అంది పక్క కుర్చీలోంచి డాక్టర్ నఫీసా. పాఠవాహినిని తయారుచేసిన శాస్త్రవేత్తల్లో ఆమె ఒకరు. బడి చూడటానికి ఆ ఉదయమే కర్నూలు నుంచి వచ్చింది. “పిల్లల చెవుల్లో ఉన్న ఇయర్‌ఫోన్లు బయటి చప్పుళ్లను ఆపేస్తాయి. పాఠం గొంతూ మీ గొంతూ ఒకటే కదా. మీరేం మాట్లాడినా అది ప్రతిధ్వని అనుకుని తుడిచేస్తుంది.”

“అయితే పాఠం ఆపించండి డాక్టర్ గారూ. శుక్రవారం అన్ని బడుల్లోనూ ఇదే ప్రాక్టికల్. పిల్లల కళ్లు పోతాయి.”

నఫీసా పాఠాన్ని వెనక్కి తిప్పి చూసింది. ఆమె మొహం పాలిపోయింది. “పాఠంలో మాట మార్చే హక్కు నాకు లేదు. ఆ పాఠం చెప్పిన టీచరుకే ఉంది.”

“ఆ టీచర్ని నేనే!”

“అది యంత్రం ఒప్పుకోవాలి మేడమ్.”

ఆఫీసు గదిలో హైమవతి కెమెరా ముందు కూర్చుంది. కుడికీ ఎడమకీ తల తిప్పమంటే తిప్పింది. చదవమన్న వాక్యాలు చదివింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. ‘పోలిక నలభై మూడు శాతం. మీరు హైమవతి గారు కారు.’

“మీ నవ్వు సరిపోలేదు,” అంది నఫీసా నెమ్మదిగా. “వారం వారం పిల్లలకు నచ్చినట్టు ఆ బొమ్మ మారుతూ వచ్చింది. ఇటు మీరూ మారారు. మళ్లీ ప్రయత్నించండి. కాస్త నవ్వుతూ.”

హైమవతి నవ్వబోయింది. ఈసారి నలభై ఒకటి.

టీచర్ల గ్రూపులో రాసింది. పది నిమిషాల్లో దాని మీద ‘నకిలీ ఖాతా’ అన్న ముద్ర పడి మాయమైంది. తెలిసిన టీచర్లు పదముగ్గురికి ఫోన్ చేసింది. “మా బీరువాకు తాళం వేసేస్తాను, సరేనా?” అన్నారు కొందరు. “పాఠం నడుస్తుంటే నోరెత్తితే మెమో ఇస్తారు హైమా, నీకు తెలీదా?” అన్నారు మరికొందరు. పదమూడు బడులు. మిగతావి నాలుగు వేలు. ఫిర్యాదు పెడితే ఇరవై ఒక్క పనిదినాల్లో బదులిస్తామని జవాబు వచ్చింది. ఆరోజు సోమవారం.

“మీ యంత్రానికి నిజం చెబితే ఎక్కదా?” అని అడిగింది హైమవతి.

“దానికి నిజం తెలీదు మేడమ్. చూపు ఎక్కడ ఆగిందో అదొక్కటే తెలుసు.” నఫీసా తల దించుకుంది. “ఆవులించే పిల్లల కోసం చేశాం. ఇలా అవుతుందని అనుకోలేదు.”

ఆ మాట పట్టుకుని హైమవతి రెండు రోజులు ఆలోచించింది. బుధవారం పొద్దున్న ల్యాబు బీరువా తెరిచి, మొహానికి రక్షణ అద్దం కట్టుకుని, చేతికి గ్లవ్స్ వేసుకుని తరగతిలోకి వచ్చింది. పాఠం నడుస్తోంది. గోడ తెరకు అడ్డంగా బల్ల లాగి, దాని మీద బీకరు పెట్టింది. పిల్లల్ని వెనక బెంచీలకు పొమ్మని చేతులతో సైగ చేసింది. వాళ్లు వింతగా చూస్తూ లేచారు. ఒకరిద్దరు వీడియో తీయడం మొదలుపెట్టారు. ఆమెకు కావలసింది అదే.

పొడుగు గొట్టంతో ఏసిడ్‌లోకి నీళ్లు వదిలింది.

బీకరు బుస్సుమంది. పొగ లేచింది. ఆమె అనుకున్నదానికంటే ఎత్తుగా చిమ్మింది. గ్లవు అంచుకు పైన, మణికట్టు మీద నాలుగు చుక్కలు పడ్డాయి.

హైమవతి అరిచింది. ప్రాణం పోతున్నట్టు అరిచింది.

ఆ అరుపు తెర మీది గొంతులా లేదు. పాఠంలో ఏనాడూ లేని గొంతు అది. అందుకే యంత్రం దాన్ని ప్రతిధ్వని అనుకోలేదు. అపాయం కేక అనుకుని నలభై మంది చెవుల్లోకీ వదిలింది. మొదటి బెంచీ జోషిత పరుగెత్తుకొచ్చి, ఆమె చేతిని కుళాయి కింద పెట్టి పట్టుకుంది.

“నీళ్లలోకే... నీళ్లలోకే ఏసిడ్ వదలాలి,” అంది హైమవతి పళ్లు బిగించి. “ఏసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు.”

జోషిత చెవుల్లోవి తీసేసి ఏడుస్తూ చూసింది. “మేడమ్, మీ గొంతు ఇలా ఉంటుందా?”

సాయంత్రానికి ఆ వీడియోను ఇరవై లక్షల మంది చూశారు. ఏ పిల్ల చూపూ జారలేదు. వారం పూర్తయ్యేదాకా కూడా ఆగకుండా, గురువారం పొద్దుటికల్లా యంత్రం దాన్ని పాఠంలో కలిపేసింది. ఆ మొహం మీద ముప్పై రెండేళ్ల మొహం అతికించింది. శుక్రవారం నాలుగు వేల బడుల్లో ప్రాక్టికల్ జరిగింది. పిల్లలు గజగజలాడుతూ నీళ్లలోకి ఏసిడ్‌ను చుక్క చుక్కగా వదిలారు. ఎవరికీ ఏమీ కాలేదు.

రెండు నెలల తర్వాత నఫీసా మళ్లీ వచ్చింది. అప్పటికి ఆ అరుపు కెమిస్ట్రీ పాఠమంతా పాకిపోయింది. లోహాల పాఠంలోనూ, లవణాల పాఠంలోనూ పిల్లల చూపు జారబోయే ప్రతిచోటా తెర మీది హైమవతి మణికట్టు పట్టుకుని అరుస్తోంది. కుర్చీలోని హైమవతి రోజుకు ఆరు పీరియడ్లు దాన్ని వింటోంది. విన్న ప్రతిసారీ మణికట్టు చురుక్కుమంటోంది.

“ఆ ముక్కను తీయించే అనుమతి తెచ్చాను మేడమ్,” అంది నఫీసా. “కానీ ముక్క మొత్తం పోతుంది. అరుపూ, ఆ వెంటనే మీరన్న మాటా.”

“అరుపు ఒక్కటే తీయలేరా?”

“అరుపు లేకపోతే ఆ మాట వారం కూడా నిలవదు.”

హైమవతి మణికట్టు మీది మచ్చలను కొంగుతో కప్పుకుంది. “ఉండనివ్వండి,” అంది.

నఫీసా వెళ్లాక ఎనిమిదో తరగతి పిల్లలు ముగ్గురు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. వాళ్ల చెవుల్లో ఏమీ లేవు.

“మేడమ్, మీరు ఒక్కసారి చెబితే ఫోన్లో తీసుకుంటాం,” అంది ఒక పాప బిడియంగా.

పన్నెండేళ్లుగా ఆమెను ఏ పిల్లా ఏదీ చెప్పమని అడగలేదు. హైమవతి లేచి, కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుంది.

“జాగ్రత్తగా వినండమ్మా. నీళ్లలోకే ఏసిడ్‌ను...”

“అది కాదు మేడమ్,” అంది పాప ఫోన్ ఎత్తి పట్టుకుని. “దానికి ముందుది.”