గళ్ళ కాగితం మీది ముఖం

పొద్దున్నే కూతురి మూతికి స్కేలు పెట్టి కొలిచే తండ్రి ధర్మవరం మొత్తానికి వెంకటరాముడు ఒక్కడే అయి ఉంటాడు. పెరట్లో కొళాయి దగ్గర సుజాత పళ్ళు తోముకుని, ముఖం తుడుచుకుని తల తిప్పేసరికి ఆయన తయారుగా నిలబడి ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ స్కేలు, చెవి మీద పెన్సిలు.

“ఇట్ల పక్కకు తిరుగు పాపా. కదలాకు.”

సుజాత పెదవులు మూసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆయన ముక్కు కొసనుంచి గడ్డం దాకా స్కేలు ఆనించి, ఒక కన్ను మూసి చూశాడు. చూసి తల అడ్డంగా ఊపాడు.

“పైపెదవి ఇంగా రెండు గళ్ళు వెనక్కి రావాల. గడ్డమైతే అస్సలు ముందుకు రాలేదు. చదునుగానే ఉండాది.”

“పొద్దున్నే ఏం కొలతలయ్యా స్వామీ!” వంటింట్లోంచి యశోదమ్మ కేక వేసింది. “ఉగ్గాని చల్లారిపోతాండాది. నీ కొలతలు అయ్యేదాకా రైలు నిలబడతాదా ఏమన్నా?”

వెంకటరాముడి పని చీరలకు డిజైన్లు గీయడం. గళ్ళ కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగుతో సమానం. ఆయన గీసిన నెమలి మగ్గం ఎక్కి చీరలోకి దిగితే తోక చివర కూడా ఒక్క పోగు తేడా రాదు. ఒకవేళ వచ్చిందంటే ఆ తప్పు నేసినవాడిదే గాని గీసినవాడిది కాదు. ముప్పై ఏళ్ళుగా ఆయన బతుకంతా ఆ నమ్మకం మీదే నడిచింది. ఆ నమ్మకంతోనే కూతురి ముఖాన్ని కూడా గీసిపెట్టాడు.

సుజాతవి చిన్నప్పటినుంచీ ఎత్తుపళ్ళు. డిగ్రీలో చేరిన ఏడాది హిందూపురంలో కమలాక్షి అనే పళ్ళ డాక్టరమ్మకు చూపించారు. ఆవిడ తలను పక్కనుంచి ఎక్స్‌రే తీయించి, కింది దవడ కొంచెం చిన్నదనీ, పైన రెండు పళ్ళు తీసి, క్లిప్పు వేసి, ముందు పళ్ళను వెనక్కి జరపవచ్చనీ చెప్పింది. తరవాత ఇంకా చాలా చెప్పింది. వెంకటరాముడి చెవులు మాత్రం ‘వెనక్కి జరపవచ్చు’ దగ్గరే ఆగిపోయాయి. ఎక్స్‌రేను ఫోనులో ఫోటో తీసుకుని ఇంటికొచ్చి, గళ్ళ కాగితం మీద కూతురి ముఖాన్ని పక్కనుంచి దించాడు. పళ్ళను అయిదు గళ్ళు వెనక్కి జరిపి, పెదవిని కూడా అయిదు గళ్ళు జరిపాడు. చెయ్యి ఊరుకోక గడ్డాన్ని గుండ్రంగా ముందుకు తెచ్చాడు. బొమ్మ లాంటి పిల్ల తయారైంది. ఆ కాగితాన్ని తీసుకెళ్ళి పెరట్లో అద్దం పక్కన అంటించాడు.

ఈ రెండేళ్ళలో పళ్ళు చెప్పిన మాట విన్నాయి. మొండికేసింది పెదవే. ఈరోజు క్లిప్పు తీసేస్తామని డాక్టరమ్మ ఫోను చేసినప్పటినుంచి వెంకటరాముడికి కాలు నిలవడం లేదు. తీసేస్తే ఇక పెదవి ఎప్పటికీ అక్కడే ఉండిపోతుందని ఆయన భయం. స్నానం చేసి రాగానే అద్దం పక్కనున్న కాగితాన్ని చిరగకుండా ఊడదీసి, మడిచి సంచిలో పెట్టుకున్నాడు. సుజాత అది చూసింది. మాస్కు పెట్టుకుని చెప్పులు వేసుకుంది.

రైల్లో కిటికీ పక్కన చోటు దొరికినా ఆయన కూర్చోలేదు. తలుపు దాకా పోతాడు, వస్తాడు, సంచి తడుముకుంటాడు, మళ్ళీ పోతాడు. పెనుకొండ కొండ కనబడి దాటిపోయింది కూడా ఆయనకు తెలియలేదు.

“కూర్చోయ్యా, చూసేవాళ్ళు టీసీ అనుకుంటారు,” అంది యశోదమ్మ.

“క్లిప్పు తీయొద్దని చెప్పాల. ఇంగో ఆర్నెల్లు లాగమని చెప్పాల,” అన్నాడాయన, భార్యతోనో తనతోనో.

సుజాత మాస్కు మీద చెయ్యి పెట్టుకుని బయటికి చూస్తూ ఉండిపోయింది.

ఆస్పత్రిలో పిలుపు రాగానే వెంకటరాముడు కూతురికంటే ముందు లోపలికి దూరాడు. కాగితం తీసి డాక్టరమ్మ బల్ల మీద పరిచాడు.

“మేడమ్, పళ్ళు నేను గీసినట్ల వచ్చినాయి. పెదవి మూడు గళ్ళే వచ్చింది. ఇంగా రెండు రావాల. నేను దినామూ కొలుస్తాండా, తప్పు లేదు.”

కమలాక్షి కళ్ళజోడు సర్దుకుని కాగితం చూసింది. ఆవిడ ముఖంలో నవ్వు వచ్చి, అంతలోనే ఆగింది.

“ఎంత బాగా గీసినారన్నా! కాని చీరకు గీసినట్ల మనిషికి గీసినారు. పళ్ళు ఎముకలో ఉంటాయి, జరపాల్సినంత జరుపుతాం. పెదవి కండ. దాని మందం దానిది, దాని బిగువు దానిది. పళ్ళు అయిదు గళ్ళు పోతే ఒకరికి పెదవి నాలుగు పోతాది, ఇంకొకరికి మూడే. ఇంతే వస్తాదని ముందుగా గీత గీసి చెప్పలేం. ఆ రోజే చెప్తి కదా.”

“అయితే ఇంగొంచెం లాగండి మేడమ్.”

“లాగితే మూతి లోపలికి పడిపోతాది, ముక్కు పెద్దదైనట్ల కనబడతాది. వయసు పైబడేకొద్దీ ఇంకా పడతాది. ఇప్పుడు పైపళ్ళూ కిందిపళ్ళూ చక్కగా కూర్చున్నాయి. ఇంతకుమించి వద్దు.”

“మరి గడ్డం?”

“అది దవడ ఎముకన్నా, క్లిప్పుతో రాదు. బెంగళూరులో ఆపరేషన్ చేసి దవడను ముందుకు తెస్తారు. ఈ పాపకు అది కావాలని నేనైతే చెప్పను.”

“చేపిద్దాం. ఎప్పుడు పోవాల?”

“ఏందయ్యా అది!” యశోదమ్మ లేచి నిలబడింది. “దవడ కోస్తారంటే రవిక కత్తిరించినంత తేలిగ్గా చెప్తాండావే! అది నీ కూతురా, నీ కాగితమా?”

“నేను దాని మంచికే కదా చెప్తాండేది!”

ఇద్దరి గొంతులూ లేచాయి. కమలాక్షి వాళ్ళను వదిలేసి సుజాత వైపు తిరిగింది. “మాస్కు తీయమ్మా.”

సుజాత తీసింది. పెదవులు మూసుకునే ఉన్నాయి. గడ్డం మీద చర్మం ముడతలు పడి, చిన్న చిన్న గుంటలుగా ఉంది. డాక్టరమ్మ ఆ గడ్డాన్ని వేలితో మెల్లగా తట్టింది.

“ఈడ ఎందుకు ఇంత బిగబడతాండావు? వదిలెయ్. మూయాలని చూడొద్దు. ఊరికే కూర్చో.”

సుజాతకు వెంటనే చేతకాలేదు. రెండుమూడు సార్లు ఊపిరి వదిలాక గడ్డం మీది ముడతలు ఒక్కొక్కటే పోయాయి. పెదవులు ఎవరూ మూయకుండానే మెత్తగా కలుసుకున్నాయి. చదునుగా ఉందనుకున్న గడ్డం కాస్త గుండ్రం తిరిగింది. కాగితం మీదంత లేదు గాని, ఉంది.

“చూసినారా అన్నా? ఇదీ ఈ పాప మొగం. దినామూ మీరు కొలుస్తాండేది ఈమె బిగబట్టిన మూతిని.” ఆవిడ మళ్ళీ సుజాతను అడిగింది. “ఎప్పటినుంచి ఇట్ల బిగబడతాండావు?”

“ఆ కాగితం అంటించినప్పటినుంచి.”

సుజాత తండ్రి వైపు చూడకుండా బల్ల మీది కాగితాన్నే చూస్తూ మాట్లాడింది.

“బళ్ళో అందరూ ఎత్తుపండ్లదని ఏడిపించినారు నాయనా. నేను కూడా వాళ్ళను ఏదో ఒకటి అని నవ్వేస్తాంటి. ఇంటికొస్తే నువ్వుండావు కదా, నీకు నేను బాగానే ఉంటా కదా అనుకుంటాంటి. నువ్వు ఇది అంటించినాక తెలిసింది, నీక్కూడా వాళ్ళకు మాదిరే కనబడతాండానని.”

“పాపా...”

“క్లిప్పు నేను వద్దనలేదు. కొరుక్కొని తినేదానికి నాకూ కష్టంగా ఉన్నింది. కాని ఈ మొగం నేను అడగలేదు. ఎవరు నాయనా ఈ పిల్ల? దినామూ పొద్దున లేచి ఈమె పక్కన నిలబడాలంటే ఎట్లుంటాదో నీకు తెల్సా?”

వెంకటరాముడు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. పొద్దుటినుంచి ఆయన కూర్చోవడం అదే మొదటిసారి.

“నేను గీసిన నెమలి చీర కట్టుకొని చీరల అంగట్లో ఫోటో దిగితివే, జ్ఞాపకముందా? ఎంత సంతోషంగా నవ్వినావో ఆ పొద్దు. నువ్వు పోయినాక అంగడాయన ఫోటో చూసి, డిజైను బాగుండాది, పాపనే నోరు మూసుకోమనాల్సిందీ అన్నాడు. ఆడుండేవాళ్ళంతా నవ్వినారు.” ఆయన ముఖం చేతుల్లో దాచుకున్నాడు. “నేనూ నవ్వినా పాపా. వాళ్ళతో పాటు నేనూ నవ్వినా. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు. ఎవరూ నిన్ను చూసి నవ్వకుండా చేయాలని గీస్తి. నాకు చేతనయ్యింది గీసేదొకటే కదమ్మా.”

ఆయన భుజాలు కదిలిపోతున్నాయి. యశోదమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సుజాత లేచి వచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. ఆమెకూ ఏడుపు వచ్చింది. ఏడ్చేటప్పుడు పెదవులు మూసుకోవాలన్న సంగతి మరిచిపోయింది.

కాసేపాగి కమలాక్షి అడిగింది. “ఏం చేద్దామన్నా? క్లిప్పు తీయమంటారా?”

“నన్నడగొద్దు మేడమ్,” అన్నాడు వెంకటరాముడు కళ్ళు తుడుచుకుంటూ. “పాపనడగండి.”

“తీసేయండి,” అంది సుజాత. “బెంగళూరికి పోను.”

తిరుగు రైల్లో సుజాత నాలుకతో పళ్ళను తడుముకుంటూనే ఉంది. నున్నగా, కొత్తగా, ఎవరివో పళ్ళలాగా ఉన్నాయి. మాస్కు యశోదమ్మ సంచిలోకి పోయింది. పెనుకొండలో వేయించిన చెనక్కాయలు అమ్మేవాడు ఎక్కగానే సుజాత చెయ్యెత్తి పిలిచింది. క్లిప్పు ఉన్నన్నాళ్ళూ గట్టివి కొరకొద్దని డాక్టరమ్మ ఆంక్ష. ఈ రెండేళ్ళూ వాటి వాసన చూసి ఊరుకోవడమే తప్ప ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు.

ఒళ్ళో కాయలు పోసుకుని మొదటిది ఒలిచాక ఆమె అటూ ఇటూ చూసింది. “తొక్కలు యాడ వేయాల నాయనా?”

వెంకటరాముడు సంచి తడిమాడు. గళ్ళ కాగితం బయటికి తీశాడు. ఒక్కక్షణం దానివైపు చూసి, మూలలు కలిపి శ్రద్ధగా పొట్లం చుట్టి కూతురి ముందు పట్టుకున్నాడు. మడతలో ఆ బొమ్మపిల్ల ముక్కు ఒకవైపు, గడ్డం ఒకవైపు పోయాయి.

“ఇందులో వెయ్.”

సుజాత కాగితం వైపు, తండ్రి వైపు చూసి తొక్కలు అందులో వేసింది. రెండో కాయను తిన్నగా పళ్ళ మధ్య పెట్టి పటుక్కున కొరికింది.

“ఏమే! పండ్లతో పగలగొట్టాకు!” యశోదమ్మ గుండెలు బాదుకుంది. “అన్ని దుడ్లు పోసి చేపించుకొని పొద్దు మునగకముందే ఇరగ్గొట్టుకుంటావా?”

సుజాతకు నవ్వు తన్నుకొచ్చింది. నోటినిండా గింజలతోనే నవ్వింది. నవ్వుతూ, అలవాటు ప్రకారం, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోబోయింది.

వెంకటరాముడు పొట్లాన్ని ఎడమ చేతికి మార్చుకుని, కూతురి చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించాడు.

“అడ్డం పెట్టుకోవాకు పాపా,” అన్నాడు. “నన్ను చూడనియ్యి.”