గోవిందరావు కింద పడాలి

"గోవిందరావు కింద పడాలి. అది ప్రమాదంలా కనిపించాలి."

1943 జనవరి. బిలాస్‌పూర్ యార్డులో ఆగి ఉన్న ఇన్‌స్పెక్షన్ సెలూన్ బోగీలో గూఢచారి విభాగం చీఫ్ రమణమూర్తి ఇచ్చిన ఆర్డర్ అది. ఎదురుగా ఏజెంట్ సూర్యం. పైకి టెలిగ్రాఫ్ క్లర్కు.

"పక్క క్వార్టర్ వాడు సార్. వాళ్లమ్మ అచ్చియమ్మ చేతి అన్నం తిని పెరిగాను."

"అతనికేమీ తెలీదు. అందుకే శత్రువు అతన్ని వాడుకుంటున్నాడు."

మిలిటరీ రైళ్ల టైమింగ్స్ ఉన్న మైక్రోఫిల్మ్ గుల్‌మార్గ్ చేరింది. గడియారాల వ్యాపారి వేషంలో ఉన్న విదేశీ గూఢచారి బ్రూనో దగ్గరుంది. చెక్‌పోస్టులో విదేశీయుల్ని సోదా చేస్తారు, రైల్వే ఉద్యోగిని చెయ్యరు. అందుకే ఫిల్మ్‌ని గోవిందరావు సామానులో దాచి దాటించాలని బ్రూనో ఎత్తు. బ్రూనోని పట్టుకోకూడదు. గోవిందరావు పడిన హడావుడిలో, బ్రూనో కంటపడకుండా అసలు ఫిల్మ్ తీసి, తప్పుడు టైమింగ్స్ ఉన్న దొంగ ఫిల్మ్ పెట్టాలి.

"అక్కడ మన మనిషి?"

"టైపిస్టు డోరీన్. బ్రూనో ఆమెను తన ఏజెంట్ అనుకుంటున్నాడు. కోడ్ వర్డ్, లైన్ క్లియర్."

రావల్పిండి డ్యూటీలో గడిపిన రెండు శీతాకాలాల్లో సూర్యం, గోవిందరావు దగ్గరి మంచు కొండల్లో స్కీయింగ్ నేర్చుకున్నారు. అప్పట్లో పరిచయమైన డోరీన్ సెలవుకి గుల్‌మార్గ్ రమ్మని పిలిస్తే గోవిందరావు ఎగిరి గంతేశాడు.

వారం తర్వాత డోరీన్, బ్రూనోలతో కలిసి నలుగురూ, వెనక్కి జారకుండా స్కీల కింద తోలు తొడుగులు వేసి, దారీ తెన్నూ లేని మంచులో మధ్యాహ్నం దాకా కొండెక్కారు. గోవిందరావు చేతుల్లో బ్రూనో ప్రేమగా ఇచ్చిన స్కీ కర్రలు. పైన ఫ్లాస్కు టీ పోస్తూ, ఎర్ర మఫ్లర్‌లో మెరిసిపోతున్న డోరీన్ వాటిలో ఒక కర్ర పిడిని వేలితో తట్టింది.

"లైన్ క్లియర్," అంది మెల్లగా.

"ఇంత సంతోసం నానెప్పుడూ ఎరగన్రా," అన్నాడు గోవిందరావు. "సేతులు కొంకర్లు పోయాయి. ఈ స్కీ పట్టీ కాస్త బిగించరా సూర్యం."

సూర్యం మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుడి స్కీ పట్టీని వదులుగా పెట్టాడు.

"సరిపోయిందేట్రా?"

"సరిపోయింది."

గోవిందరావు కేరింతలు కొడుతూ దూసుకుపోయాడు. వెనకే సూర్యం. రెండో మలుపులో గోవిందరావు స్కీ ఊడింది. రాతి మీద పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు సూర్యానికి వినిపించింది.

పైనుంచి బ్రూనో దిగుతున్నాడు. డోరీన్ అతని దారికి అడ్డంగా పడి, చీలమండ పట్టుకుని మూలిగింది. ఇరవై సెకన్లు దొరికాయి.

"సూర్యం! కాల్రా... నా కాలు!"

సూర్యం ముందుగా డోరీన్ తట్టిన కర్ర అందుకున్నాడు. పిడి మర తిప్పాడు. ఫిల్మ్ తీశాడు, దొంగది దూర్చాడు. మర చివరి చుట్టు బిగిసేసరికి బ్రూనో స్కీలు పక్కన గరగరమంటూ ఆగాయి.

"ఏమైంది?" బ్రూనో చూపు కర్ర మీదే ఉంది.

"కాలు విరిగింది." సూర్యం ఏడుస్తున్నాడు. అది నటన కాదు. బ్రూనో నమ్మాడు.

స్నేహితుణ్ణి వీపున మోసుకుని సూర్యం చెక్‌పోస్టు దాటాడు. కర్రలూ దాటాయి. అవతల బ్రూనో వాటిని తీసుకుని వెళ్లిపోయాడు. ఫిబ్రవరిలో అతని ముఠా తప్పుడు టైముకి ఒక వంతెన కింద బాంబుతో కాచుకుని దొరికిపోయింది. సైనికుల రైలు క్షేమంగా వెళ్లింది.

బిలాస్‌పూర్‌లో అచ్చియమ్మ సూర్యాన్ని భోజనానికి పిలిచింది. గోవిందరావు కట్టు కాలు స్టూలు మీద పెట్టుకుని, "మళ్లీ ఎప్పుడెల్దాం రా?" అని అడుగుతున్నాడు.

"నువ్వు మొయ్యకపోతే నా కొడుకు ఆ మంచులోనే పోయీవోడు బాబూ," అందామె, చేపల పులుసు ఇంకో గరిటె వడ్డిస్తూ. "ఏటలా సూస్తావు? తిను."

పట్టుబడితే విషం మాత్ర మింగడం ఎలాగో సర్వీసులో నేర్పారు. ఈ ముద్ద మింగడం ఎలాగో ఎవరూ నేర్పలేదు.