జాకీ కింద రాయి పెట్టు

కొండ మలుపులో ఉన్న ఆ రేకుల షెడ్డు మంచిది కాదని అందరూ అంటారు. ఒకప్పుడు అందులో జీపులు బాగుచేసే మెకానిక్కు, జాకీ జారి, బండి కిందే నలిగి చచ్చిపోయాడట. అప్పట్నుంచీ అక్కడ ఎవరూ ఆగరు. లోపల్నుంచి దగ్గు వినిపిస్తుందంటారు... దెయ్యం పిలుస్తుందంటారు.

సరిగ్గా ఆ షెడ్డు ముందే, అర్ధరాత్రి దాటాక, ఓ డ్రైవరు జీపు ఒక పక్కకి కూలబడింది.

వెనక సీట్లో అతని అక్క. నిన్నట్నుంచీ నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది, నావల్ల కాదు, పట్నం తీసుకుపొమ్మని మంత్రసాని చేతులెత్తేసింది.

దిగి టార్చి వేసి చూశాడు. ముందువైపు, బండి బరువు మోసే కమాను కట్టలో పెద్ద ఇనప పట్టీ విరిగి రెండైంది. చక్రం వెనక్కి జరిగి మడ్‌గార్డుని ఒరుసుకుంటోంది. ఆ కట్ట అరిగిపోయి ఆర్నెల్లుగా కిర్రుకిర్రుమని మొత్తుకుంటూనే ఉంది. ‘రేపు మారుద్దాంలే’ అంటూ నెట్టుకొచ్చాడు.

“తమ్ముడూ... ఎందుకాపావురా?”

“ఏం లేదక్కా. రెండు నిమిషాలు.”

ఫోన్‌లో సిగ్నల్ లేదు. జాకీ పెట్టి తిప్పాడు. బండి లేచినట్టే లేచి... జాకీ బురదలోకి ఒరిగింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఒరిగింది.

అప్పుడు వినిపించింది — షెడ్డు చీకట్లోంచి, బొంగురుగా...

“జాకీ కింద రాయి పెట్టు.”

ఒక్కడే అయితే చెప్పులు కూడా చూసుకోకుండా పరిగెత్తేవాడు. కానీ వెనక అక్క పళ్లు బిగించి మూలుగుతోంది.

రాయి పెట్టాడు.

“అది కాదు. పలకరాయి.”

పలకరాయి పెట్టాడు. జాకీ నిలబడింది.

తలుపు సందులోంచి ఏదో ఈడ్చుకుంటూ వచ్చి అతని కాళ్ల దగ్గర ఆగింది. పాత కమాను పట్టీ. దాని వెంటే ఒక గొలుసు, ఒక గునపం.

“పట్టీని విరిగినదానికి ఆనించి, బోల్టు బిగించి, గొలుసు చుట్టు... ముందు గునపంతో ఇరుసు జరుపు.”

జరిపాడు. గునపం వదిలితే ఇరుసు వెనక్కి పోతోంది, వదలకపోతే బోల్టు బిగించే చెయ్యి లేదు. ఒకసారి... రెండుసార్లు... నాలుగుసార్లు. లోపల అక్క మూలుగు కూడా ఆగిపోయింది.

“అక్కా!”

అక్క తల సీటు మీద ఓ పక్కకి వాలిపోయింది.

“నావల్ల కావట్లేదు!” షెడ్డు వైపు తిరిగి ఏడుస్తూ అరిచాడు. “దెయ్యానివైతే దెయ్యానివే — వచ్చి పట్టు!”

ఒక దగ్గు. తర్వాత... అతని చేతుల పక్కనే, గునపం మీద, ఇంకో రెండు చేతులు.

వెచ్చగా ఉన్నాయి.

టార్చి వెలుగులో ముసలామె. నెరిసిన జుట్టు, ముక్కు మీద గ్రీజు మరక.

“చూస్తావేం? బిగించు! ఈ షెడ్డు మెకానిక్కు పెళ్లాన్ని. ఇరవయ్యేళ్లు ఆయనకి పానాలూ సుత్తులూ అందించాను. ఇరుసు జారనివ్వను.”

బిగించాడు. గొలుసు చుట్టాడు. జాకీ దించితే కట్ట మూలిగింది గానీ నిలబడింది.

ఆమె అడక్కుండానే వెనక ఎక్కి, అక్క ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. “ఊపిరుంది. సొమ్మసిల్లింది, అంతే. మెల్లగా పోనీ. గుంట వస్తే ముందే చెప్పు.”

దారంతా అతను “గుంట!” అని అరుస్తూనే ఉన్నాడు. అరిచినప్పుడల్లా ఆమె అక్కని రెండు చేతులమీదా ఎత్తిపట్టుకుంది.

తెల్లారేసరికి ఆపరేషన్ అయింది. తల్లీ బిడ్డా బతికారు.

ఆసుపత్రి మెట్ల మీద అతనడిగాడు — “ఇన్నాళ్లూ ఎవరికీ కనపడరేం, పెద్దమ్మా?”

“ఆయన బండి కింద ఉన్నప్పుడు రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తాను, నాయనా. ఒంటినిండా నెత్తురు చూసి, దెయ్యమని రాళ్లేసి పోయారు.” కొంగుతో ముక్కు మీది గ్రీజు తుడుచుకుంది. “ఆ తర్వాత అక్కడ ఆగిన మొదటి బండి నీదే... అదీ విరిగితే ఆగింది.”