ఒకే ఫోటో, మూడు పేర్లు

ఆదివారం మధ్యాహ్నం. తుఫాను షెల్టర్ మేడమెట్ల మీద కూచుని గౌరి ఫోన్‌ను తలకంటే ఎత్తుగా పట్టుకుంది. ఆ ఊరి మొత్తానికి నెట్ సరిగ్గా వచ్చేది ఆ మెట్ల మీదే. అదీ దానికి దయ కలిగినప్పుడు.

"వచ్చిందేటే?" అన్నాడు పక్కన కూచున్న ఈశ్వర్.

"ఉండరా. తిరుగుతన్నాది."

ఈశ్వర్‌ది గౌరి వాళ్ల పక్కిల్లు. ఇద్దరూ ఏడో తరగతే, కాకపోతే గౌరిది ఇంగ్లీషు మీడియం, ఈశ్వర్‌ది తెలుగు మీడియం. కింది మెట్టు మీద గౌరి తమ్ముడు యుగంధర్ రేగుపళ్లు తింటూ గింజల్ని వీలైనంత దూరం ఊస్తున్నాడు.

ఆ సాయంత్రంతో పోటీ గడువు అయిపోతుంది. ఇంటర్నెట్‌లో జరిగే పిల్లల ఫోటోల పోటీ అది. పదమూడేళ్లు నిండనివాళ్లు పంపాలి. గెలిచినవాళ్లకి కెమెరా ఇస్తారు, వేసవిలో పది రోజులు విశాఖపట్నంలో ఉంచి ఫోటోలు తియ్యడం నేర్పిస్తారు. ఇంగ్లీషు చెప్పే అనూరాధ టీచర్ ఈ సంగతి చెప్పినప్పటి నుంచీ ఈశ్వర్‌కి కెమెరా మీద కంటే ఆ పది రోజుల మీదే ధ్యాస. మే నెలలో వాడికి పదమూడు నిండుతాయి. వచ్చే ఏడు పంపుదామంటే కుదరదు.

ఫోటో మాత్రం ఎంత బాగా వచ్చిందో. ఊరివాళ్లు ఒడ్డున నిలబడి పెద్దవల లాగుతున్నప్పుడు గౌరి వాళ్ల నాన్న ఫోన్‌తో ఈశ్వర్ తీసింది. అందరూ మనుషుల ముఖాలు తీస్తారు, వలలో పడ్డ చేపల్ని తీస్తారు. ఈశ్వర్ ఇసకలో బోర్లా పడుకుని మడమలు తీశాడు. వరసగా ఇసకలో దిగబడిన మడమలు, వాటి పైన బిగుసుకున్న తాడు. అంతే. ఎండ సముద్రం వైపు నుంచి రావడంతో మడమలు నల్లగా పడుతున్నాయని గౌరి వెనక నిలబడి స్టీలు పళ్లెంతో ఎండను వాటి మీదకి మళ్లించింది. యుగంధర్ పని కుక్కను తోలడం. ఆ కుక్కకి ఫోటోలో పడాలని ఏం ఆశో గాని, తోలినకొద్దీ మళ్లీ వచ్చేది.

ఫోన్‌లో పేజీ తెరుచుకుంది. పోటీ నిబంధనలు. అన్నీ ఇంగ్లీషులో, చీమల బారుల్లా ఉన్నాయి. గౌరి వేలితో పైకి తోసింది. ఇంకా ఉన్నాయి. మళ్లీ తోసింది. ఇంకా ఉన్నాయి.

ఇక్కడ గౌరి గురించి ఒక మాట చెప్పాలి. ఆ వీధిలో ఎవరి ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ వచ్చినా, ఎవరికి మందు సీసా మీద ఏముందో తెలియాలన్నా గౌరి దగ్గరికే వస్తారు. గౌరికి వచ్చిన ఇంగ్లీషు కంటే, గౌరి ఇంగ్లీషు మీద వీధికున్న నమ్మకం చాలా పెద్దది. ఆ నమ్మకం గౌరికి మహా తియ్యగా ఉండేది. తెలియని మాట వస్తే దాని పక్కనున్న తెలిసిన మాట పట్టుకుని ఏదో ఒకటి చెప్పేసేది. ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు.

"అంతా సదివేవా?" అన్నాడు ఈశ్వర్.

నిబంధనల చివర ఒక చిన్న గడి ఉంది. నేను ఇవన్నీ చదివాను, ఒప్పుకుంటున్నాను అని దాని పక్కన రాసి ఉంది. గౌరి పూర్తిగా చదివింది ఆ ఒక్క వాక్యమే.

"సదివేను," అని గడిలో టిక్కు పెట్టింది.

"తెలవకపోతే ఫోన్ సెయ్యమన్నారు కదా టీచరు."

"నాకు తెలవకపోవడమేటిరా?"

ఈశ్వర్‌కి గౌరి చదివానంటే చదివినట్టే.

తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. పేరు రాసే చోట ఒక్క పేరే పడుతోంది. గౌరి ఆలోచించింది. పెద్దవలకి ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్లకీ వాటా ఉంటుంది. తాడు కొసన వేలాడే చిన్నపిల్లాడికైనా గుప్పెడు చేపలు పెట్టాల్సిందే, పెట్టకపోతే తప్పు. మరి ఈ ఫోటోకి ముగ్గురూ చెయ్యి వేశారు కదా.

"ముగ్గురి పేర్లతోటీ పంపేస్తాను. ఒక్కొక్కలికి ఒక్కొక్కటి," అంది గౌరి.

"అలగ పంపొచ్చేటి? అందులో రాసున్నాదా?"

"రాసున్నాదిలే."

అందులో రాసి ఉన్నమాట నిజమే. ఏమని రాసి ఉందో గౌరి చూడలేదు, అంతే తేడా.

మడమల ఫోటో ఈశ్వర్ పేరుతో ఒకసారి, గౌరి పేరుతో ఒకసారి, యుగంధర్ పేరుతో ఒకసారి వెళ్లింది. యుగంధర్ తన పేరు వెళ్లిందో లేదో దగ్గరుండి చూసుకుని, మళ్లీ రేగుపళ్ల పనిలో పడ్డాడు.

ఆ తర్వాత రోజులన్నీ ఈశ్వర్‌వే. రెండు చేతుల వేళ్లతో చట్రం కట్టి అందులోంచి ఊరిని చూస్తూ తిరిగేవాడు. తెడ్డు కనిపిస్తే ఆగేవాడు, ఎండుతున్న చేప కన్ను కనిపిస్తే వంగేవాడు. వాడి అమ్మ దానమ్మ రోజూ చేపల గంపతో శ్రీకాకుళం వెళ్లి అమ్ముకొస్తుంది. ఒకరోజు వస్తూ వస్తూ జిప్పు ఉన్న నీలం సంచీ ఒకటి తెచ్చింది.

"ఈడు గెలిస్తే బట్టలు దేంట్లో ఎట్టుకెళ్తాడు? మూట కట్టుకుని విశాపట్నం ఎళ్తాడా?" అంది.

"గెలవకపోతేనో?" అంది ఈశ్వర్ మామ్మ లక్ష్మణమ్మ.

"గెలవకపోతే సంచీకి తిండెట్టాలేటి? అలగ ఉంటాది."

సంచీని గుమ్మం పక్క మేకుకి తగిలించారు. గౌరి వాళ్ల వాకిట్లోంచి చూస్తే ఆ నీలం రంగు కనిపించేది.

ఒక గురువారం సాయంత్రం ఫోన్‌లో టింగుమంది. పోటీవాళ్ల మెయిలు. గౌరి ఫోన్ పట్టుకుని షెల్టర్ మెట్ల దగ్గరికి ఒక్క పరుగు తీసింది.

మొదటి వాక్యం చదవగానే గుండె గంతులు వేసింది. మడమల ఫోటో చివరి పదింటిలోకి వచ్చిందట. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారట. రెండో వాక్యం దగ్గర వేలు ఆగిపోయింది. ఒకే ఫోటో మూడు పేర్లతో వచ్చింది కాబట్టి, ఆరో నిబంధన ప్రకారం మూడింటినీ తీసేస్తున్నామని రాశారు.

గౌరి ఆ పాత పేజీ తెరిచింది. ఈసారి ప్రతి అక్షరం చదివింది. ఆరో నిబంధన రెండే రెండు లైన్లు. ఫోటో తీసినవారు మాత్రమే, ఒక్కసారి మాత్రమే పంపాలి. సహాయం చేసినవారి పేర్లు ఫోటో కింద వివరంలో రాయవచ్చు. ఆ రెండు లైన్లలో గౌరికి రాని మాట ఒక్కటీ లేదు.

వాటాకి చోటు ఉంది. వాళ్లే ఉంచారు. ఈశ్వర్ పేరు పైన, గౌరి, యుగంధర్ పేర్లు కింద రాస్తే సరిపోయేది. రెండు లైన్లు చదవడానికి ఎంతసేపు పడుతుంది? యుగంధర్ నాలుగు రేగుపళ్లు తినేంతసేపు పట్టదు. గౌరి మెట్ల మీదే మోకాళ్లలో తలపెట్టుకుని ఏడ్చింది. చీకటి పడ్డాక గాని ఇంటికి వెళ్లలేదు.

మర్నాడు ఈశ్వర్ వాకిట్లోనే ఎదురయ్యాడు. "ఏటైనా వచ్చిందా?"

"నాకు తెలీదు," అని గౌరి ముఖం చాటేసింది. ఆ రోజు వాడి కంటపడకుండా బడికి వేరే దారిన వెళ్లింది. ఎటు తిరిగి కూచున్నా ఆ నీలం సంచీ కళ్లలోనే ఉంది.

శనివారం బడి వదిలాక అనూరాధ టీచర్ దగ్గరికి వెళ్లి ఫోన్ చేతికిచ్చింది. టీచర్ మెయిలంతా చదివారు.

"టీచర్, మీరు సెప్తే ఆళ్లు వింటారు. పెద్దోళ్లు కదా మీరు. తప్పు నాదని సెప్పండి. మా పేర్లు తీసేసి ఈశ్వర్ పేరు ఉంచమనండి."

టీచర్ కాదనలేదు. అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేశారు. చాలాసేపు మాట్లాడారు. ఫలితాలు అప్పటికే తేలిపోయాయని, ఇలా తీసేసినవి ఇంకా చాలా ఉన్నాయని, ఒక్కరికి మార్చడం కుదరదని అటువైపు ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. ఫోన్ పెట్టేశాక టీచర్ గౌరి తల మీద చెయ్యి వేశారు.

"నన్ను ఒక్క మాట అడగలేకపోయావా గౌరీ?"

అడిగితే తనకి రాదని తెలిసిపోతుంది. ఆ మాట టీచర్‌తో కూడా చెప్పలేకపోయింది.

"ఈశ్వర్‌కి నన్ను చెప్పమంటావా?"

"వద్దు టీచర్. నానే సెప్తాను."

ఈశ్వర్ ఒడ్డున ఉన్నాడు. లక్ష్మణమ్మ ఆరబోసిన కవ్వళ్ల చేపలకి కాకుల నుంచి కాపలా కాస్తున్నాడు. ఎండుతున్నది చిన్న చేపలే గాని కాకులు మాత్రం ఊరంతా వచ్చాయి. గౌరి వాడి ఎదురుగా నిలబడి మొత్తం చెప్పింది. చివరి పదింటిలోకి రావడం, ఆరో నిబంధన, టీచర్ ఫోన్ చెయ్యడం, అన్నీ. చెప్పకుండా మిగిలింది ఒక్కటే. అది చెప్పడానికి చాలాసేపు పట్టింది.

"ఆ రోజు నాను సదవలేదు. సదివేనని అబద్ధమాడేను."

ఈశ్వర్ చేతిలో కర్ర కిందకి దిగింది. ఒక కాకి ధైర్యం చేసి చేపను ఎత్తుకుపోయింది. వాడు చూడలేదు.

"అయితే ఆ ఫోటో నాది కాదని అనుకున్నారేటి ఆళ్లు?"

"ఎవలిదో తెలవలేదన్నారు."

"నాదే కదా," అన్నాడు. కాసేపటికి మళ్లీ, "సదవలేదని ఆ రోజే సెప్తే నాను నవ్వుతానేటే? టీచర్ని అడిగేవోళ్లం," అన్నాడు.

అంతే అన్నాడు. తిట్టలేదు. కర్ర ఇసకలో గుచ్చి ఇంటికి వెళ్లిపోయాడు. గౌరి ఆ కర్ర తీసుకుని, చీకటి పడి లక్ష్మణమ్మ వచ్చేదాకా కాకుల్ని తోలింది.

వీధిలో ఎవరూ గౌరిని ఏమీ అనలేదు. దానమ్మ కూడా అనలేదు. మేకు మీద నీలం సంచీ మాత్రం కనిపించడం మానేసింది. దానమ్మ అందులో అన్నం గిన్నె పెట్టుకుని రోజూ శ్రీకాకుళం తీసుకెళ్తోంది. ఎవరైనా నాలుగు తిట్లు తిడితే బాగుండునని గౌరికి అనిపించేది. ఈశ్వర్ వేళ్లతో చట్రం కట్టడం మానేశాడు. గౌరితో మాటలూ మానేశాడు. గెలిచిన ఫోటోలు ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు గౌరి ఒక్కతే షెల్టర్ మెట్ల మీద కూచుని చూసింది. అన్నీ బాగున్నాయి. మడమల ఫోటో ఇంకా బాగుంటుంది. ఆ సంగతి ఈశ్వర్‌తో చెబుదామన్నా వాడు వినడు.

మే నెల వచ్చింది. ఈశ్వర్‌కి పదమూడు నిండాయి. విశాఖపట్నంలో క్లాసులు మొదలయ్యాయి, అయిపోయాయి కూడా.

ఒక సాయంత్రం లక్ష్మణమ్మ గౌరి వాళ్ల అరుగు మీదకి వచ్చింది. ఆవిడ కంటికి ఆపరేషన్ చేయించుకుని ఆ మధ్యాహ్నమే ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఈశ్వర్ భుజం పట్టుకుని నడిచింది. అప్పటికే అరుగు మీద ఆడవాళ్లు కూచుని కబుర్లాడుకుంటున్నారు.

"ఒలే గౌరీ, ఆస్పత్రోళ్లు ఇచ్చిన కాయితం ఇది. రెండు సీసాలున్నాయి. ఏది ఎప్పుడు ఎయ్యాలో సూసి సెప్పు," అంది.

గౌరి కాగితం అందుకుంది. ఇంగ్లీషు. డాక్టరుగారి చేతిరాత. మునుపటి గౌరి అయితే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని చెప్పేసి లోపలికి పోయి ఉండేది. ఇప్పుడు మొదటి అక్షరం నుంచి వేలు పెట్టి చదవసాగింది. చివరిదాకా వెళ్లింది. మళ్లీ మొదటికి వచ్చింది. అరుగు మీద కబుర్లు ఆగిపోయాయి.

"ఏటే, అంతసేపు?" అంది ఒకావిడ.

గౌరి చెవులు వేడెక్కాయి. "మామ్మా, ఇందులో నాకు కొంత తెలవలేదు."

"అదేటి, ఇంగ్లీషు మీడియం కాదేటి నువ్వు?" అని ఇంకొకావిడ నవ్వింది. మిగతావాళ్లు కూడా నవ్వారు. గౌరికి తల కొట్టేసినట్టయింది. అయినా కాగితం మడిచి ఇచ్చెయ్యలేదు.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఈశ్వర్ ఇటు తిరిగాడు. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పాడు.

"అంతా సదివేవా?"

"అంతా సదివేను. రెండు మాటలు తెలవలేదు. కంటి మందు కదా, ఏదోకటి సెప్పలేను. టీచర్ని అడిగొస్తాను."

ఈశ్వర్ కాసేపు గౌరి ముఖంలోకి చూశాడు. తర్వాత మామ్మను అరుగు మీద కూచోబెట్టి, రెండు సీసాలూ ఆవిడ కొంగులోంచి తీసుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

అనూరాధ టీచర్ ఊరి చివర, బస్సాగే చోటు దగ్గర అద్దెకి ఉంటారు, సెలవుల్లో కూడా అక్కడే ఉన్నారు. దారంతా ఈశ్వర్ ముందు, గౌరి వెనక నడిచారు. ఒకచోట ఎండలో మెరుస్తున్న వల కుప్ప దగ్గర వాడి చేతులు కొంచెం పైకి లేచాయి. అంతలోనే దిగిపోయాయి.

గౌరి ముందుకెళ్లి తలుపు తట్టగానే టీచర్ బయటికి వచ్చారు. ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

గౌరి కాగితం ముందుకు చాచి, ఆ మాటల కింద వేలు పెట్టింది.

"టీచర్, ఈ రెండూ నాకు రావు," అంది, వెనకనున్న ఈశ్వర్‌కి కూడా వినబడేలా.