తిప్పతీగకు కొట్టిన మందు

“ఈ తీగకి మందు కొట్టిందెవరు?”

పర్చూరు దగ్గర మిరప చేలో, గట్టు మీది వేపచెట్టు కింద నిలబడి అడిగింది శ్రీదివ్య. చెట్టుకు అల్లుకున్న తిప్పతీగ ఆకుల నిండా తెల్లటి మరకలు.

“నేనేనండి,” అన్నాడు చేను గల శివనాగరాజు, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ. “కిందటిసారి మీరే అన్నారుగా, దీని లోపల బ్యాక్టీరియా ఉందని. మిరపకి ఆకుమచ్చొస్తే కొట్టే మందే. రెండు దఫాలు కొట్టా. ఇంకొక్కటి కూడా మిగిలుండదు.”

శ్రీదివ్య గట్టు మీద కూలబడింది. గుంటూరు నుంచి బస్సులో నిలబడి వచ్చిన అలసటంతా అప్పుడే గుర్తొచ్చింది.

“ఆ బ్యాక్టీరియా కోసమే నేనొచ్చింది. అది మొక్కకి ఏ హానీ చెయ్యదు. ఇంతవరకూ ఎవరూ చూడని రకం. ఇదే తీగలోంచి ఇంకోసారి తీసి చూపిస్తేనే కొత్తదని మా సార్ ఒప్పుకుంటారు. లేకపోతే నా పీహెచ్‌డీ గంగలో కలిసినట్టే.”

“మా చేలో బ్యాక్టీరియా అంటే ఆకంతా రాలిపోద్దండి. మంచిది కూడా ఉండిద్దని నాకేం తెలుసు?”

“ముందు నన్ను అడగొచ్చుగా?”

“అడుగుదామనే ఫోన్ తీశా. మీ నంబర్ లేదు.”

అంత కోపంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే అలుసైపోతానని తల తిప్పుకుంది.

శివనాగరాజు కాసేపు కాలితో మట్టిగడ్డను నలిపాడు. “మీరేమీ అనుకోనంటే ఒక మాట. ఆ రోజు మీరు కత్తిరించి, ఎక్కువైందని పడేసిన ముక్క ఒకటుంది. ఇంటి దగ్గర నూనెడబ్బాలో గుచ్చా. చిగురేసింది.”

ఆమె గబుక్కున లేచింది. “దానికీ కొట్టారా?”

“లేదండి. మా అమ్మని కూడా ముట్టుకోనివ్వట్లా.”

“దాన్లోనూ బ్యాక్టీరియా ఉంటుందని తెలుసుగా. మరెందుకు కొట్టలేదు?”

“మీరు పట్టుకున్నది కదండీ. జబ్బుంటే ఉండనీలే అనుకున్నా.”

తనంటే ఇంత ఇష్టమా అనుకునేసరికి శ్రీదివ్య ముఖం పండుమిరపలా అయింది.

“పదండి, చూపించండి,” అంది. వెళ్లేటప్పుడు నంబర్ తనే ఇచ్చింది.

రోజూ ఏదో ఒక వంకతో ఫోన్లు నడిచాయి. కొన్నాళ్లకు మీరు కాస్తా నువ్వు అయింది, ఆమె వైపు నుంచి మాత్రమే.

“డబ్బాలోని తీగలో అదే బ్యాక్టీరియా దొరికింది,” అందొక సాయంత్రం. “సార్ ఒప్పుకున్నారు. దానికి మీ ఊరి పేరు పెడుతున్నాం.”

“ఊరిదేనా? నీళ్లు పోసింది నేను కదండీ.”

“నీ పేరు మా నాన్నకి చెప్పాను. ఆదివారం మీ ఇంటికొస్తున్నారు.”

అటు నుంచి అతని గొంతు చిన్నగా వినిపించింది. “ఏం చెయ్యమంటారండీ?”

“ఏమీ చెయ్యకు. నాన్నకి జలుబు చేసింది. దగ్గుతున్నారని స్ప్రేయర్ తగిలించుకుని మాత్రం ఎదురు రాకు.”