ఆమేన్ అనేదాకా

అబ్రహాము గారింట్లో ముఖాన చెప్పలేని సంగతులన్నీ ప్రార్థనలో చెప్పుకుంటారు.

భర్త టీలో మూడు చెంచాల పంచదార వేసుకోవడం సుగుణకుమారి గారికి నచ్చదు. ఆ మాట ఆయనతో అనదు. భోజనం ముందు కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ ఇంట్లో ఒకరికి షుగరు ఉందని నీకు తెలుసు. ఆయనకు కూడా తెలిసేలా చెయ్యి తండ్రీ" అంటుంది. ప్రార్థనకు మధ్యలో అడ్డు రాకూడదు గనుక ఆయన కిక్కురుమనకుండా వింటారు. మర్నాడు తన వంతు వచ్చినప్పుడు, నెలకు రెండుసార్లు కర్టెన్లు మార్చే వారికి స్థిరబుద్ధి దయచేయమని వేడుకుంటారు. పాతికేళ్ల కాపురంలో ఆ దంపతులు ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదని నాటింగ్‌హామ్ తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌లో చెప్పుకుంటారు.

ఫ్రెడీకి కూడా తన కొంప మునిగిన సంగతి ప్రార్థనలోనే తెలిసింది.

అది 2016 ఆగస్టు, గురువారం పొద్దున ఆరున్నర. ఇంటి ముందు అద్దెకు తెచ్చిన క్యాంపర్‌వ్యాన్ ఆగి ఉంది. లోపల రెండు పడకలు, గ్యాసు పొయ్యి, సింకు, చిన్న ఫ్రిజ్, ఆ ఫ్రిజ్ నిండా గోంగూర. స్కాట్లాండ్ పడమటి కొసన ఉన్న స్కై ద్వీపానికి నాలుగు రోజుల ప్రయాణం. నడిపేది ఫ్రెడీ. అబ్రహాము గారు గుంటూరులో ఇరవై ఏళ్లు అంబాసిడర్ తోలిన మనిషే గాని, ఈ దేశపు డ్రైవింగ్ టెస్టు ఐదుసార్లు తప్పారు. "అనుభవం ఉన్నవాణ్ణి చూస్తే ఎగ్జామినర్లకు భయం" అని ఆయన అంటారు.

బయల్దేరే ముందు నలుగురూ వ్యాన్‌లో కూర్చుని కళ్లు మూసుకున్నారు. అబ్రహాము గారు గొంతు సవరించుకున్నారు.

"ప్రభువా, ఈ ప్రయాణమును దీవించుము. బండిని, టైర్లను, బండి నడుపు నీ దాసుడు ఫ్రెడీని కాపాడుము. ఎల్లుండి శనివారము పదకొండున్నరకు స్కై ద్వీపపు పోర్ట్రీ ఊళ్లో పనిచేయు డాక్టరు రోహన్ గారు మా మేనకోడలు హెప్సిని చూడబోవుచున్నారు. ఆ సంబంధమును స్థిరపరచుము తండ్రీ. ఆమేన్."

ఫ్రెడీ కళ్లు సగంలోనే తెరుచుకున్నాయి. ఎదురు సీట్లో హెప్సి కళ్లు అప్పటికే తెరుచుకుని ఉన్నాయి. ఆమె అతణ్ణే చూస్తోంది, బీపీ మిషను మీద అంకె ఎంత దూరం ఎక్కుతుందో చూసే నర్సులా.

అతను కళ్లు మూసుకుని, "ఆమేన్" అన్నాడు. ఏం చేస్తాడు, అలవాటు.

ఫ్రెడీది తెనాలి. ఎమ్మెస్సీకని నాటింగ్‌హామ్ వచ్చిన కొత్తలో గది దొరక్క అల్లాడుతుంటే, ఫెలోషిప్‌లో చూసిన అబ్రహాము గారు ఇంటికి తీసుకుపోయారు. ఆర్నెల్లు వాళ్ల పై గదిలో ఉన్నాడు, వాళ్ల అన్నం తిన్నాడు. చదువయ్యాక బ్రాక్‌నెల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికింది. ఆ మరుసటి ఏడాదే నరసరావుపేట నుంచి హెప్సి వచ్చి నాటింగ్‌హామ్‌లో నర్సుగా చేరింది. ఇక అప్పట్నుంచి, బ్రాక్‌నెల్‌కు పావుగంట దూరంలోనే ఇంకో తెలుగు ఫెలోషిప్ ఉన్నా, ఫ్రెడీ ప్రతి ఆదివారం నూట ముప్ఫై మైళ్లు నడుపుకుంటూ వచ్చి ఇక్కడ కీబోర్డు వాయిస్తున్నాడు. నాలుగేళ్లయింది. ఆ ఇంటి అన్నం తిని, ఆ ఇంటి పిల్లనే ఇమ్మని ఏ నోటితో అడగాలో అతనికి ఈ నాలుగేళ్లలో తట్టలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నానికి వంతెన దాటి ద్వీపంలో అడుగుపెట్టారు. అడుగుపెట్టగానే వాన. ఆ వానలోంచి నల్లటి కొండలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి, ఎవరో ముక్కలు చేసి తిరిగి అతికించడం మర్చిపోయినట్టు.

అబ్రహాము గారు గైడు పుస్తకం చదువుతున్నారు. "ఇదంతా అగ్నిపర్వతమేనట. ఆరుకోట్ల ఏళ్ల కిందట పేలింది."

"ఇప్పుడు చల్లారిందాండీ?" అంది సుగుణకుమారి గారు.

"చల్లారింది."

"మరైతే దాన్ని చూడ్డానికి ఇంత దూరం ఎందుకు?"

దానికి గైడు పుస్తకంలో జవాబు లేదు.

ఆ రోడ్డు వెడల్పు ఒక్క బండికే సరిపోతుంది. అక్కడక్కడ పక్కన చిన్న జాగా ఉంటుంది. ఎదురుగా బండి వస్తే ఇద్దరిలో ఒకరు అక్కడ తప్పుకోవాలి, దారి దొరికినవారు చెయ్యెత్తి థాంక్స్ చెప్పాలి. ఫ్రెడీ తప్పుకున్నాడు. మళ్లీ తప్పుకున్నాడు. ఒకచోట ఎదుటి కారు తనే ఆగి రమ్మని లైట్లు వేసినా, వెనక్కి వెళ్లి మరీ తప్పుకున్నాడు.

"ముప్ఫై ఏడు" అంది వెనక సీట్లోంచి హెప్సి.

"ఏంటి ముప్ఫై ఏడు?" అన్నారు అబ్రహాము గారు.

"ఫ్రెడీ గారు దారిచ్చిన బళ్లు, మావయ్యా. అందులో ఒకటి ఆపి ఉంచిన ట్రాక్టర్."

"మర్యాదస్తుడు" అన్నారు అబ్రహాము గారు మెచ్చుకోలుగా.

"అవును. మర్యాదతో పోతారేమో అని నా భయం" అంది హెప్సి.

సాయంత్రం క్యాంప్‌సైట్‌లో ఫ్రెడీ వ్యాన్‌కు పంపు దగ్గర క్యాన్‌తో నీళ్లు పడుతున్నాడు. హెప్సి గొడుగు పట్టుకుని వచ్చింది. గొడుగు గాలికి రెండుసార్లు తిరగబడ్డాక మూసేసి, తడుస్తూనే నిలబడింది. పెద్దవాళ్ల ముందు "మీరు", పక్కకొస్తే "నువ్వు", అది వాళ్లిద్దరి మధ్య మొదట్నుంచీ ఉన్న పద్ధతి.

"నువ్వు ప్రతి ఆదివారం నాటింగ్‌హామ్ ఎందుకొస్తావ్?"

"కీబోర్డు వాయించాలిగా."

"మా కీబోర్డులో నాలుగు మీటలు పలకవు."

"అందుకే. మిగతావాటితో సర్దాలంటే అనుభవం కావాలి."

హెప్సి ముక్కు చివర నుంచి వాన చుక్క ఒకటి జారింది. ఫ్రెడీ ఆ చుక్కను చూశాడు. క్యాన్ నిండి నీళ్లు అతని బూట్ల మీదికి పొర్లుతున్నాయి, అది చూడలేదు.

"రేపు పదకొండున్నరకి ఆ డాక్టరు గారు నన్ను అడుగుతారు. నేను అవునో కాదో చెప్పాలి. కాదంటే, ఎందుకని మావయ్య అడుగుతాడు. ఏం చెప్పను? కీబోర్డు అని చెప్పనా?"

"డాక్టరు చాలా మంచివాడంటగా" అన్నాడు ఫ్రెడీ. అన్న మరుక్షణమే తన నాలుకను తనే కోసుకోవాలనిపించింది.

"మంచివాడే. ఫోన్లో మాట్లాడాను. మంచివాడు, ఓపికున్నవాడు, నన్ను ఏదైనా అడగాలంటే నోరు తెరిచి అడుగుతాడు." హెప్సి పంపు కట్టేసింది. "బూట్లు తడిసిపోయాయి, చూసుకో."

*

శనివారం పొద్దున సుగుణకుమారి గారు ఉప్మాకు పోపు పెట్టింది. ఎండు మిరపకాయలు చిటపటమనగానే వ్యాన్ పైకప్పులో పొగ అలారం మోగింది. ఆ ఇనుప గొంతు క్యాంప్‌సైట్ అంతా వినిపించింది. నలుగురు తెల్లవాళ్లు పైజామాల్లో బయటికొచ్చారు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, "నథింగ్, ఓన్లీ మస్టర్డ్" అని వాళ్లకు ధైర్యం చెప్పింది.

పదిన్నరకు స్టోర్ అనే కొండ కింద ఆగారు. అక్కణ్ణుంచి పోర్ట్రీ ఏడు మైళ్లు. హెప్సి చీర కట్టుకుంది. ఆకుపచ్చ పట్టుచీర, పైన వాన కోటు. వ్యాన్‌లో నిటారుగా నిలబడే ఎత్తు లేక కుచ్చిళ్లు ఒంగి సర్దుకుంది. ఫ్రెడీ ఆ సమయమంతా టైర్లలో గాలి చూశాడు. నాలుగు టైర్లే ఉండటం వల్ల మళ్లీ మొదట్నుంచి చూశాడు.

"రండి, ప్రార్థన చేసుకుని కదులుదాం" అన్నారు అబ్రహాము గారు. "మొన్న నేను చేశాను, నిన్న మీ ఆంటీ చేసింది. ఇవాళ ఫ్రెడీ వంతు. సంబంధం గురించి గట్టిగా ప్రార్థించు బాబూ."

నలుగురూ కళ్లు మూసుకున్నారు.

"తండ్రీ, నీకు స్తోత్రం. ఈ ఉదయం కోసం స్తోత్రం. ఉప్మా కోసం స్తోత్రం." సుగుణకుమారి గారు తృప్తిగా "స్తోత్రం" అంది. "అలారం మోగినా ఎవరికీ ఏమీ కానందుకు స్తోత్రం. ఈ కొండల కోసం, చల్లారిన అగ్నిపర్వతం కోసం స్తోత్రం. గొర్రెల కోసం..."

అబ్రహాము గారు అర్థవంతంగా దగ్గారు.

"డాక్టరు రోహన్ గారి కోసం ప్రార్థిస్తున్నాను తండ్రీ. ఆయన మంచివారు. ఆయనకు మంచి భార్య దొరకాలి. ఈ సంబంధాన్ని..."

అక్కడ ఆగిపోయాడు.

"తండ్రీ, మనుషుల దగ్గర నేను చాలా అబద్ధాలాడాను. కీబోర్డు కోసం వస్తున్నానన్నాను. నీ దగ్గర ఆడలేను. ఈ సంబంధం కుదర్చమని నిన్ను అడగలేను. ఇది కుదిరితే, ఈ బండి వెనక్కి ఎలా నడపాలో నాకు తెలీదు. అంకుల్, ఆంటీ నన్ను కన్నకొడుకులా చూశారు. ఈ మాట వాళ్ల ముఖం చూసి చెప్పలేక నీకు చెబుతున్నాను. నాకు హెప్సి అంటే... నాలుగేళ్లుగా... నీకు తెలుసు తండ్రీ."

ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆమేన్ అనడం ఒక్కటే మిగిలింది. కాని ఆమేన్ అంటే కళ్లు తెరవాలి. తెరిస్తే ఎదురుగా అబ్రహాము గారు ఉంటారు. ప్రార్థన నడిచినంతసేపు ఎవరూ తనను ఏమీ అనలేరు.

ఫ్రెడీ ప్రార్థన పొడిగించాడు. "వాన కోసం స్తోత్రం. రోడ్ల కోసం స్తోత్రం. నిన్న దారిచ్చిన కార్ల కోసం స్తోత్రం. వంతెన కట్టిన ఇంజనీర్ల కోసం, వాళ్ల కుటుంబాల కోసం..." అతను స్కాట్లాండ్ మొత్తాన్నీ పేరుపేరునా దీవించేలా ఉన్నాడు.

"ఆమేన్."

ఆ మాట హెప్సిది. వార్డులో విజిటర్లతో టైమయింది లేవండి అనే గొంతుతో, గట్టిగా అంది.

అందరూ కళ్లు తెరిచారు.

"ప్రార్థన చేసేవాడు గదా ముందు ఆమేన్ అనాల్సింది?" అన్నారు అబ్రహాము గారు. ఆయనకు ఆ క్షణాన పట్టు దొరికిన పాయింటు అదొక్కటే.

"ఇవాళ్టికి అనేట్టు లేరు మావయ్యా. నేనూ నాలుగేళ్ల నుంచి చూస్తున్నా."

"అంటే నీకు కూడా..."

"నేను ఆమేన్ అన్నాను మావయ్యా."

అబ్రహాము గారు భార్య వైపు తిరిగారు. ఆమె పమిట కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటోంది. "పలకని కీబోర్డు కోసం అంత దూరం నుంచి ఎవరొస్తారండీ? నాకు రెండేళ్ల కిందటే తెలుసు."

"తెలిస్తే నాకు చెప్పవేం?"

"ప్రార్థనలో చెప్పాను. మీరు నిద్రపోయారు."

ఫ్రెడీ ముందు సీట్లోకి జారి స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు, ఎటూ పోవడం లేదు గాని పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి గదా.

"ఒరేయ్" అన్నారు అబ్రహాము గారు చివరికి. బాబూ పోయి ఒరేయ్ అయింది. "మా ఇంట్లో ఆర్నెల్లు అన్నం పెట్టింది, నన్ను చూసి ఇలా వణకమనా?"

"కాదంకుల్."

"మరి?"

ఆయన జవాబు కోసం ఆగలేదు, కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, రెండేళ్ల కిందట నీ దాసురాలు సుగుణకుమారి ఏమడిగిందో నేను వినలేదు. నీవు విన్నావు. అదే దయచేయుము. ఆమేన్."

ఈసారి నాలుగు గొంతులూ ఒక్కసారే ఆమేన్ అన్నాయి.

"అది సరే, ఇప్పుడు డాక్టరు గారికి ఎవరు చెబుతారు?" అంది సుగుణకుమారి గారు.

హెప్సి ఫోన్ తీసుకుని వానలోకి దిగింది. ఐదు నిమిషాల తర్వాత వచ్చి ముందు సీట్లో, ఫ్రెడీ పక్కన కూర్చుంది.

"ఉన్నదున్నట్టు చెప్పి సారీ అన్నాను. ఆయన, బిర్యానీ ఎనిమిది మందికి వండాను, మీరు రాకపోతే ఏం చెయ్యను అన్నారు. ఈ దీవిలో ఎదురుగా కూర్చుని తెలుగు మాట్లాడే మనిషిని చూసి ఎనిమిది నెలలయిందట. పెళ్లి లేకపోతే పోనీ, వచ్చి కాసేపు మాట్లాడి వెళ్లమన్నారు."

"మంచివాడని చెప్పాగా" అన్నాడు ఫ్రెడీ.

"ఫ్రెడీ, నువ్వు బండి నడుపు" అంది హెప్సి. అందరి ముందే అంది.

దారిలో ఎదురుగా ఓ ఎర్ర కారు వచ్చింది. పక్క జాగా దానికే దగ్గర. ఫ్రెడీ చెయ్యి అలవాటుగా రివర్స్ గేరు మీదికి వెళ్లింది, అక్కడ హెప్సి చెయ్యి ఉంది. ఎర్ర కారే తప్పుకుంది. ఫ్రెడీ చెయ్యెత్తి థాంక్స్ చెప్పాడు.

"ఒకటి" అంది హెప్సి.

*

డాక్టరు రోహన్ నిజంగానే మంచివాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు, వంట ఏప్రన్ విప్పడం మర్చిపోయాడు. గుమ్మంలోనే ఫ్రెడీ చెయ్యి పట్టుకుని ఊపి, "ఇంకో గంట ఆలస్యం చేసుంటే నేను అడిగేసేవాణ్ణి" అన్నాడు. అబ్రహాము గారు మూడు చెంచాల పంచదార అడిగితే ఒకటే వేశాడు. సుగుణకుమారి గారు అతని వైపు ఎంతో వాత్సల్యంగా చూసింది.

అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. బిర్యానీ పొగలు కిటికీ అద్దం మీదికి పాకుతున్నాయి. డాక్టరు గరిటె పక్కన పెట్టి, "భోజనానికి ముందు ఎవరైనా చిన్న ప్రార్థన చేస్తే బాగుంటుంది. ఫ్రెడీ గారూ, మీరు చేస్తారా?" అన్నాడు.

"వద్దు!" అన్నారు మిగతా ముగ్గురూ ఒక్కసారే.