స్టేజీ కింద సవరయ్య

విస్సన్నపేట వెళ్ళే దారిలో మా ఊరి పాత మామిడి యార్డు ఉంది, కాయలు ఏరి లారీలకెత్తే చోటు. అందులో ఒక సిమెంటు స్టేజీ. పొద్దుగూకాక దాని మీదికి ఒంటరిగా ఎక్కే మనిషి మా ఊళ్ళో లేడు.

పద్యాలు పాడే సవరయ్య అని ఒకాయన ఉండేవాడట. ఓ రాత్రి నాటకంలో రాగం తీస్తూ తీస్తూ... నోరు తెరిచింది తెరిచినట్టే కుప్పకూలాడట. అప్పట్నుంచి ఆ స్టేజీ మీద నిలబడితే గొంతు పట్టేస్తుందంటారు. ముందు ఒక వాసన — తియ్యగా, కుళ్ళుగా. ఆ తర్వాత కాళ్ళ కింద ఎవరో గొణుగుతారు. పద్యం పూర్తి చెయ్యడానికి సవరయ్య ఇంకో గొంతు వెతుక్కుంటున్నాడని చెప్పుకుంటారు.

ఇది నేను కళ్ళారా చూసింది కాదు. నా పేరు లేయా, కువైట్‌లో నర్సుని. నా కూతురు వినీల, పదిహేనేళ్ళది, మా ప్రసన్నక్క ఇంట్లో ఉండి చదువుకుంటోంది. అదే ఫోన్‌లో చెప్పింది. మూడుసార్లు చెప్పించుకున్నాను. మూడుసార్లూ ఒక్క మాట తేడా లేదు.

ఏటా మే నెలలో మా చర్చివాళ్ళు పిల్లలకి పది రోజులు పాటలూ కథలూ నేర్పుతారు. వి.బి.ఎస్. అంటాం. చర్చిలో చోటు చాలదని ముగింపు సభ ఆ స్టేజీ మీదే పెడతారు. పోయినేడు వినీల ఐదు నిమిషాలు మాట్లాడాలి. "అందరికీ వందనాలు" అంది. అంతే. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఆ వాసన కింద నుంచి లేచి ముక్కుకి కొట్టింది... మైకు మీదే భళ్ళున వాంతి చేసుకుంది.

ఆ రోజు నుంచి దాని పేరు వాంతి వినీల. వీధిలో కనిపిస్తే చాలు — "అక్కా, ఈసారి బకెట్ తెచ్చుకో!"

"నీ తప్పేం లేదే. సవరయ్య గొంతు పట్టుకున్నాడు," అంది ప్రసన్నక్క.

"చీకటి పడ్డాక అటు పోకు అమ్మలూ," అన్నాడు అక్క భర్త, మా బావ మార్టిన్. యార్డు ఆయన చేతిలోనే ఉంది. తోపుడు బళ్ళవాళ్ళకి మామిడి జ్యూస్ అమ్ముతాడు. ముగింపు సభకి మాత్రం రెండు డ్రమ్ముల జ్యూస్ ఊరికే ఇస్తాడు. మార్టిన్‌గారిది పెద్ద చెయ్యి అని ఊరంతా పొగుడుతుంది.

ఈ ఏడు మళ్ళీ దాని పేరే పిలిచారు. "ఈసారి కూడా ఆగిపోతే ఇంక జన్మలో నలుగురిలో నోరు తెరవనమ్మా," అంది నాతో. అందుకే సభకి ముందురోజు, దీపాలు పెట్టే వేళ, టార్చి పట్టుకుని ఒక్కతే యార్డుకి వెళ్ళింది... అలవాటు చేసుకుందామని.

"దెయ్యమంటే భయం లేదటే నీకు?" అని ఇది విన్నప్పుడు కోప్పడ్డాను.

"దెయ్యం ఒక్కటేగా అమ్మా. జనం మూడొందలమంది."

స్టేజీ ఎక్కింది. ఎదురుగా ఖాళీ రేకుల షెడ్డు. గాలి లేదు. "అందరికీ వందనాలు..."

వాసన వచ్చింది.

ఓర్చుకుంది. రెండో వాక్యం అంది. కాళ్ళ కింద — చిటపట... చిటపట... సన్నటి తుంపర పడుతున్నట్టు. ఆకాశంలో మబ్బు లేదు.

మూడో వాక్యం అంటుంటే దగ్గు వినిపించింది. మనిషి దగ్గు.

మెట్ల పక్కన, స్టేజీ కింది బోలుకి అడ్డంగా పెట్టిన రేకు ఒకటి కదిలింది. దాని వెనక నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. మోచేతి దాకా పచ్చగా, జిగురుగా... ఆ జిగురులో తెల్లగా ఏవో పాకుతున్నాయి.

వినీల ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఎవరూ?... అమ్మలూ, నువ్వా? ష్... టార్చి ఇటు పట్టు."

పెదనాన్న. మా బావ మార్టిన్.

టార్చి వేసింది. స్టేజీ కింద నడుమెత్తు గుట్ట. యార్డులో ఏరి పారేసిన కాయలు — పగిలి, నల్లబడి, నురగలు కక్కుతున్నాయి. గుట్ట మొత్తం కదులుతోంది. పురుగులు. ఆ చిటపట అవి మెదిలే చప్పుడు. బావ చేత్తోనే పురుగుల్ని పక్కకి తోసి, కింది గుజ్జు దోసిళ్ళతో బకెట్‌లోకి ఎత్తుతున్నాడు.

"పైపైన తీసేస్తే లోపల బాగానే ఉంటుందమ్మా," అన్నాడు గుసగుసగా. "పంచదార, ఎసెన్సు పడ్డాక ఎవడికి తెలుస్తుంది? సవరయ్య పుణ్యమా అని పదేళ్ళుగా ఇటెవరూ తొంగిచూడలేదు. నువ్వూ చూడలేదు. సరేనా?"

ఆ రాత్రి వినీల నాకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. నేను నైట్ డ్యూటీలో ఉన్నాను. ఎత్తలేదు.

మర్నాడు సభ. దాని పేరు పిలిచారు. ఎక్కింది. ఎదురుగా మూడొందల మొహాలు. ఎవరో వెనక నుంచి "బకెట్!" అన్నారు. నవ్వులు. పక్కన బల్ల దగ్గర బావ చిన్నపిల్లలకి గ్లాసులు అందిస్తున్నాడు. ముందు వరసలో నాలుగేళ్ళ పాప గ్లాసు పెదాలకి ఆనించుకుంది.

"తా... తాగకు."

పీలగా వచ్చింది. ఎవరికీ వినబడలేదు.

"తాగకండి!"

ఈసారి రేకుల షెడ్డు మారుమోగింది. అందరూ కొయ్యబారిపోయారు. "ప్రభువా! సవరయ్య పట్టాడు దీన్ని," అంటూ పాస్టరమ్మగారు చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టింది. ఇద్దరు మనుషులు పట్టుకోవడానికి మెట్లెక్కారు. వినీల మైకు వదల్లేదు.

"ఎవరూ పట్టలేదు. మాట్లాడేది నేనే. మెట్ల పక్కన రేకు తీసి చూడండి. అందులోంచి తీసిందే మీ గ్లాసుల్లో ఉంది."

"తియ్యకండి!" అని బావ అరిచాడు. "అది మంచి చోటు కాదు—"

పాస్టర్‌గారే తీశారు.

గుట్ట ఒరిగి జారి ఆయన చెప్పుల మీదికొచ్చిందట. తల్లులు పిల్లల నోళ్ళలో వేళ్ళు పెట్టి కక్కించారట. నా కూతురు మాత్రం స్టేజీ దిగకుండా, ఎన్నేళ్ళుగా, ఎలా, ఏం కలిపి... మొత్తం చెప్పిందట. ఐదు నిమిషాలు కాదు, పావుగంట.

నాకు గర్వపడాలని ఉంది. కానీ ఆ రాత్రి అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, నిజం చెప్పు. బావ చేసేది నీకు తెలుసా?"

అటు అక్క లేచి తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

తర్వాత, పక్కన ఎవరైనా వింటారేమో అన్నట్టు, మెల్లగా అంది—

"అదేంటే లేయా, అలా అడుగుతావు? మన పిల్లల గ్లాసుల్లో ఎప్పుడైనా ఒక్క చుక్క పడనిచ్చానా?"